ధన్లి అడిగిన తీజ్

మా కోడలు ధన్లి మొట్టమొదటి గెలుపు నల్లా. 2009 మే నెలాఖరున, రోహిణి ఎండల్లో, కామారెడ్డిలో మా బస్తీ చివరి గల్లీకి నీళ్ల పైపు తెప్పించింది. దానికోసం నాలుగు సోమవారాలు మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కింది. మూడు సార్లు వాళ్లు ఒకటే మాట చెప్పి పంపారు: "మీ గల్లీ నక్షలో లేదమ్మా." నాలుగో సోమవారం గల్లీలోని పదకొండు మంది ఆడవాళ్లను ఖాళీ బిందెలతో వెంటబెట్టుకుని పోయింది. "నక్షల లేదు గానీ సారూ, గల్లీ నడుసుకుంట వచ్చింది, జర బయటికొచ్చి చూడుండ్రి" అంది. ఆ సారు నవ్వాడు. తరువాతి వారం పైపు పడింది.

నేను ఎల్లారెడ్డి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ని. ఆ కాలంలో మా తండాలో అంతకు మించి చదివినవాడు లేడు. ధన్లికి అక్షరం రాదు. అందుకే దరఖాస్తులన్నీ నా చేతిరాతే. నోరు ఆమెది, రాత నాది. మా ఇంటి మాట లంబాడీ అయినా అందరూ చదువుకోవాలని మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

నల్లా తరువాతవి వరుసగా చెబుతాను. 2010లో మురుగు పోయే మోరీ కట్టించింది. 2011లో సకల జనుల సమ్మె ముగిసిన మూడో వారానికి గల్లీ స్తంభాలకు దీపాలు పెట్టించింది. 2012 ఎండాకాలంలో సీసీ రోడ్డు వేయించింది. రోడ్డు ఆరిన సాయంత్రం నా కొడుకు ప్రేమ్‌సింగ్ చెప్పులు చేత పట్టుకుని దాని మీద నడిచాడు. "ఏందిరా, కాళ్లకు ఏమైంది?" అని అడిగితే, "కొత్త రోడ్డు బాపూ, చెప్పుల బురద అంటుతది" అన్నాడు. ఆ ఏడు బతుకమ్మ ఆ రోడ్డు మీదే ఆడారు. తెలుగువాళ్ల ఆడపిల్లల నడుమ మా తండా గాజులు గలగలమంటుంటే నేను ఇంటి ముందు పీట వేసుకుని కడదాకా చూశాను. అటువంటి సాయంత్రాలు మా ఇంట్లో చాలా ఉన్నాయి, అన్నీ ధన్లి పుణ్యమే.

ఒక్క లోటు మాత్రం ఉండేది. తీజ్.

తీజ్ అంటే మా పెళ్లికాని ఆడపిల్లల పండుగ. వెదురు బుట్టల్లో పుట్టమన్ను పోసి, నానబెట్టిన గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలకలు ఎంత ఏపుగా వస్తే ఆ ఇళ్లకు అంత మేలు. ఆ నీళ్లు పోయవలసింది పెళ్లికాని పిల్లలే. పెళ్లయిన ఆడది పోయకూడదు, మగవాడైతే అసలే పోయకూడదు. గోధుమలు తండా పెద్ద అయిన నాయక్ చేతి నుంచే రావాలి. అందుకని మా గల్లీ పిల్లలంతా ఏటా తొమ్మిది రోజులు ఎల్లారెడ్డి దగ్గరి మా తండాకు పోయేవారు. 2012లో నా మనుమరాలు సునీల తొమ్మిదో తరగతి. తీజ్ నుంచి తిరిగొచ్చేసరికి పరీక్ష ఒకటి అయిపోయింది. పంతులమ్మ దాన్ని తరగతి బయట నిలబెట్టింది. వచ్చే ఏడు పదో తరగతి. పండుగ మానాలా, బడి మానాలా? ధన్లి రెండూ మాననివ్వనంది.

2013లో రాఖీ పున్నమికి వారం ముందు నన్ను వెంటబెట్టుకుని తండాకు పోయింది. మా నాయక్ పేరు జైసింగ్. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ధన్లి ముఖం మీదికి గుంగట లాక్కుని, నేల చూస్తూ, కామారెడ్డిలో తీజ్ చేసుకుంటామని అడిగింది.

"టౌనుల తీజా?" అన్నాడు జైసింగ్. "గోధుమలు మోరీ నీళ్లతోని మొలిపిస్తరా ఏంది?"

"నల్లా నీళ్లు, నాయక్. నేనే తెప్పించిన."

"నీ నల్లా సంగతి తండా అంతా ఇన్నది. నెత్తి మీద మోసుకొచ్చినట్టే చెప్తవ్."

కూర్చున్నవాళ్లు నవ్వారు. ధన్లి నవ్వలేదు, కదల్లేదు. జైసింగ్ లేచి లోపలికి పోయి, గోధుమలు తెచ్చి ఆమె కొంగులో పోశాడు.

"ఏడో రోజు నేనే వస్త, చూస్త. ఒక్క బుట్ట వాడినా, ఒక్క తప్పు జరిగినా, మళ్లా ఈ మాట అడగొద్దు. పిల్లలు తండాకే రావాలె. ఎప్పటికీ."

"సరే నాయక్" అంది ధన్లి. బస్సులో కామారెడ్డి దాకా ఆ కొంగు ముడి మీది నుంచి చెయ్యి తీయలేదు.

నీళ్ల ట్యాంకు వెనుక ఖాళీ జాగాలో మంచె కట్టాం. తొమ్మిది మంది పిల్లలకు తొమ్మిది బుట్టలు. మా గురువు సేవాలాల్ మహరాజ్ పేరున ఒకటి, నాయక్ పేరున ఒకటి. మొత్తం పదకొండు. మొదటి రోజు రేగు కంప ఆట ఆడారు. నానిన శనగలను పిల్లలు రేగు ముళ్లకు గుచ్చుతుంటే బావల వరస పిల్లగాళ్లు కంపను పట్టి ఊపుతారు. ముల్లు గుచ్చుకున్నా పిల్ల కోపానికి రాకూడదు. సునీల వేలికి రక్తం వచ్చింది. "ఇంకా ఊపు, నిద్రపోతున్నవా?" అని పిల్లగాణ్నే ఎగతాళి చేసింది. అయిదు రోజుల్లో మొలకలు బెత్తెడెత్తున లేచాయి.

ఆరో రోజు సోమవారం. పెద్ద రోడ్డు వెంట కొత్త పైపులు వేయడానికి తవ్వకం మొదలైంది. మా నల్లా ఎండిపోయింది. ఉన్న నీళ్లు పిల్లలు పొద్దున్నే బుట్టలకు పోసి బడికి పోయారు. ఆ రోజు వాళ్లకు పరీక్ష.

ధన్లి నా దగ్గరికి వచ్చింది. "బాపూ, దరఖాస్తు రాయి. ట్యాంకరు పంపమని. పిల్లలు బడి నుంచి వచ్చేవరకు నీళ్లు ఉండాలె."

రాశాను. తొందరలో ఉన్నా అక్షరం వంకర పోకుండా రాశాను: "మా తీజ్ బుట్టలకు రోజుకు రెండు పూటలా నీళ్లు పోయించగలరని మనవి." అది తీసుకుని ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. మూడు గంటలకు పంపుతామన్నారట.

పన్నెండయ్యేసరికి శ్రావణమాసమా, ఎండాకాలమా అన్నట్టు ఎండ కాసింది. పుట్టమన్ను పగుళ్లిచ్చింది. మొలకల కొనలు వాలసాగాయి. ఇంట్లో తాగడానికి దాచిన బిందెడు నీళ్లు ఉన్నాయి. ధన్లి ఆ బిందె తెచ్చి మంచె పక్కన పెట్టుకుని నిలబడింది. పొయ్యడానికి లేదు, పెళ్లయిన చెయ్యి. నీడ పట్టడానికి అడ్డు లేదు గదా అని మరో ఇద్దరితో కలిసి దుప్పటి కొసలు పట్టుకుని బుట్టల మీద కప్పులా చాచింది. చేతులు లాగుతున్నా దించలేదు.

ప్రేమ్‌సింగ్ ఉండబట్టలేక, "నేను పోయి సునీలను బడి నుంచి తోల్కొస్త" అన్నాడు.

"తోల్కొస్తే ఇగ తీజ్ ఇక్కడెందుకు?" అంది ధన్లి. "బడి ఆగొద్దనే గదా నాయక్ కాళ్ల కాడ కూసున్నది. పిల్ల పరీక్ష రాసి వస్తది. నువ్వు దుప్పటి పట్టుకో."

మూడున్నరకు ట్యాంకరు వచ్చింది. నడిపేది అబ్రాహాము, యాభై దాటిన మనిషి. దుప్పటి దించి ఆడవాళ్లంతా, వాళ్లతో పాటు నా కొడుకూ, బిందెల కోసం ఇళ్లలోకి ఉరికారు. ధన్లి పిల్లలను త్వరగా తీసుకురావడానికి బడి గేటు దాకా పోయింది. నేను బీడీ ముట్టించుకుందామని గల్లీ మలుపుకు పోయాను. ఆ కాసేపట్లోనే అయిపోయింది.

సునీల బడిసంచీతో ముందుగా పరుగెత్తుకొచ్చింది. "పొయ్యొద్దూ!" అని అది పెట్టిన కేక నాకు మలుపు దాకా వినిపించింది.

వచ్చి చూస్తే అబ్రాహాము పైపు చేతబట్టి మంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమైందమ్మా, గంత ఒర్రుతున్నవ్? నాలుగు బుట్టలే అయినయి. ఇంక ఏడున్నయి" అన్నాడు.

"నిన్నెవరు పొయ్యమన్నరు?" అని ప్రేమ్‌సింగ్ అతని మీదికి పోయాడు.

"నాకు మనిషెవరూ చెప్పలే అన్నా, కాగితం చెప్పింది." జేబులోంచి తీసి చూపించాడు. "బుట్టలకు రెండు పూటలా నీళ్లు పోయించగలరు. ఇగో. గుండ్రంగ, మంచిగ రాసిన్రు. నాకేమెరుక? నర్సరీ అనుకున్న."

అది నా రాత. బుట్టల కోసం నీళ్లు పంపమని రాయవలసింది, బుట్టలకు నీళ్లు పోయించమని రాశాను. నాలుగేళ్లలో ఎన్ని దరఖాస్తులు రాశానో, ఒక్కదాన్నీ ఎవరూ తిప్పి పంపలేదు. ఆ రోజు ఆ కాగితాన్ని అతని చేతిలోంచి అందుకుని తల ఎత్తలేకపోయాను.

అతను పోసిన నాలుగింటిలో ఒకటి సునీల బుట్ట, ఒకటి నాయక్ పేరున పెట్టింది. చిత్రమేమిటంటే గంట తిరిగేసరికి ఆ నాలుగే నిటారుగా లేచి నిలబడ్డాయి. మిగిలిన ఏడింటికి పిల్లలు పోశారు. అవి కూడా తేరుకున్నాయి. మంచె చూస్తే తప్పు జరిగిన జాడే లేదు.

"నాయక్‌కు ఎందుకు చెప్పుడు?" అన్నారు ఆడవాళ్లు. "బుట్టలకు నోరున్నదా?"

ప్రేమ్‌సింగ్ కూడా ఆ మాటే అన్నాడు. "చెప్తే తీజ్ పోతది. చెప్పకుంటే ఏం పోతది?"

ధన్లి అలసిన చేతులు రుద్దుకుంటూ కూర్చుంది. "బుట్టలకు నోరు లేదు. నాకున్నది" అంది. తరువాత నా వైపు తిరిగింది. "బాపూ, ఆ దరఖాస్తు పారేయకు. రేపు నాయక్ ముందట నువ్వే చదవాలె."

ఏడో రోజు పొద్దుటి బస్సుకు జైసింగ్ దిగాడు. ఆ రోజు రొట్టెలు, బెల్లం, నెయ్యి కలిపి చూర్మ చేసి నైవేద్యం పెడతారు. ఆయన మంచె చుట్టూ తిరిగాడు. తన పేరున ఉన్న బుట్ట దగ్గర ఆగి మొలకలను అరచేత్తో తడిమాడు.

"బాగొచ్చినయ్" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే పోయేది.

ధన్లి గుంగట దించుకుని ముందుకొచ్చింది. "నాయక్, దండం పెట్టకముందు ఒక మాట. నాలుగు బుట్టలకు మగ చెయ్యి నీళ్లు పోసింది. అండ్ల మీ పేరున పెట్టింది ఒకటి."

జైసింగ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను దరఖాస్తు విప్పి చదివాను. నా జీవితంలో అంత చిన్న కాగితం చదవడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. ఇంతలో ఆ పూట నీళ్లతో ట్యాంకరు రానే వచ్చింది. జైసింగ్ అబ్రాహామును పిలిపించాడు.

"పోసింది నువ్వేనా?"

"నేనే పెద్దన్నా. పాపమని పోసిన. వాడిపోతున్నయి."

"మా ఆచారం ఎరుకేనా?"

"నిన్న ఈ పిల్ల కేకతోనే ఎరుకైంది."

జైసింగ్ నవ్వలేదు. "తప్పు తప్పే" అన్నాడు. "నేను ముందే చెప్పిన" అని చెప్పుల కోసం చూశాడు. ధన్లి తల వంచుకునే ఉంది. ఒక్క మాటా బతిమాలలేదు.

సునీల ఆయనకు అడ్డం వచ్చి నిలబడింది.

"దాదా, ఒకటి అడుగుత. మొదటి రోజు రేగు కంప ఊపిన పిల్లగాండ్లది తప్పా?"

"అది ఆట. ఆచారం."

"ఎందుకు ఊపుతరు?"

"మీకు కోపం వస్తదా రాదా అని."

"మాకు రాలే. నిన్న ఈయన కూడా కంప ఊపిండనుకున్నం. నా బుట్టే అది. నేనే కోపానికి రానప్పుడు నీకెందుకు దాదా?"

జైసింగ్ దాన్ని చూశాడు. తరువాత అబ్రాహామును పైనుంచి కిందికి చూశాడు, ఆ నెరిసిన జుట్టును, ఆ తడిసిన లాగును.

"అయితే ఈయన మీకు బావనా?"

"ఈ వయసుల నన్ను బావను చేస్తే మా ఇంటామె ఇంట్లకు రానియ్యది, పెద్దన్నా" అన్నాడు అబ్రాహాము.

ముందు పిల్లలు పకపకా నవ్వారు. తరువాత ఆడవాళ్లు. చివరికి జైసింగ్ మీసం కదిలింది. చెప్పులు వదిలి మంచె దగ్గరికి వచ్చి దండం పెట్టాడు. కానీ పీట మీద కూర్చున్నాక ధన్లితో చెప్పిన మాట ఇది: "ఈసారికి పిల్ల గెలిచింది. వచ్చే ఏటికి గోధుమలు నేనొక్కణ్నే ఇయ్య. హోలీకి తండా అంతా ఒక్క కాడ చేరుతది. అందరి ముందట నువ్వే వచ్చి అడుగు. దాచకుంట చెప్పినవు గనుక అడుగుమంటున్న. ఆ దినం రాకపోతే మాత్రం మాట లేదు."

తొమ్మిదో రోజు బుట్టలు నెత్తిన పెట్టుకుని పిల్లలు పెద్ద చెరువుకు బయలుదేరారు. అబ్రాహాము ట్యాంకరు ముందు నడుస్తూ రోడ్డు తడుపుతూ పోయింది. తడిసిన సీసీ రోడ్డు మీద నాయక్ వట్టి కాళ్లతో నడిచాడు. పొరుగు గల్లీ వాళ్లు మిద్దెల మీది నుంచి చూశారు. కామారెడ్డిలో మా గల్లీ చేసుకున్న మొదటి తీజ్ అది.

దీపావళి దాటాక ప్రేమ్‌సింగ్, ధన్లి చెరుకు కోతకు మహారాష్ట్ర పోయారు. కోతకు మేస్త్రీలు జంటగానే తీసుకుంటారు. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగాలి. సునీల నా దగ్గర ఉండి పదో తరగతి చదువుతోంది. మార్చి మొదటి వారంలో ధన్లి ఫోన్ చేసింది. వానలకు కోత వెనుకబడిందట, ఉగాది దాకా కదలొద్దని మేస్త్రీ అంటున్నాడట.

నేను తండాకు పోయి జైసింగ్‌ను కలిశాను. కోడలి బదులు నేను అడుగుతానన్నాను.

"నువ్వా? నువ్వు రాసిచ్చినా తీసుకోను, దీప్లా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ మాట మార్చలేదు.

ఇంటికొచ్చి కొత్త దరఖాస్తు రాశాను. మంచెకు గట్టి గద్దె కట్టించమని, "ఆడపిల్లలు తామే నీళ్లు పోసుకొనుటకు" పక్కనే ఒక నల్లా ఇప్పించమని. సునీల మూడు సార్లు చదివి, రెండు చోట్ల దిద్ది, అప్పుడు బాగుందంది. అది ధన్లి చేతికిచ్చేదాకా పెట్టెలోనే ఉంటుంది.

నిన్న మళ్లీ ఫోన్ మోగింది. వెనుక లారీల చప్పుడు. "బాపూ, మేస్త్రీతోని కొట్లాడిన. మా ఇద్దరి వంతు కోత ఇగ రాత్రి పగలు చేసి ముందుగాల్నే ఒడగొడ్తం. కామారెడ్డికి రాను, సీదా ఎల్లారెడ్డిల దిగుత. సునీలకు చెప్పు, నాయక్‌కు కూడా చెప్పు" అంది. ఏ రోజు అని రెండు సార్లు అడిగాను. రెండు సార్లూ అదే తేదీ చెప్పింది. గోడ మీది క్యాలెండర్‌లో సునీల ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసింది: హోలీకి ముందు రోజు, 2014 మార్చి 16, ఆదివారం.