మాణిక్ కాక పట్టుదల పాఠాలు

మాణిక్ కాకకు పట్టుదల అన్న మాట మీద ఎంత మోజంటే, దోమను కొట్టే ముందు కూడా కాసేపు మెచ్చుకునేవాడు. మూడుసార్లు తరిమినా నాలుగోసారి వచ్చింది కదా, దానికి పట్టుదల ఉందని. బొంబాయి రోడ్డు మీద లారీలు ఎంత హారన్ కొట్టినా కదలని బర్రెకు మాత్రం ఆ గౌరవం దక్కలేదు. దానిది మొండితనమట. పగిలిన కుక్కర్‌ను పారేయనివ్వని భార్య అనంతమ్మది పంతమట. ఆ ముక్క అన్న రోజు కాకకు పొద్దుగూకేదాకా చాయ్ దొరకలేదు.

బీదర్ వైపు ఎక్కడో నౌకరీ చేసి, రిటైరై, ఆరు నెలల కిందట జహీరాబాద్‌లో త్రివేణి అనే అమ్మాయి పక్కింట్లో దిగాడు. ఏం నౌకరీ అని అడిగితే పట్టుదల గురించి మొదలుపెట్టేవాడు కాబట్టి ఎవరూ రెండోసారి అడగలేదు.

త్రివేణికి అప్పుడే నర్సు కొలువు వచ్చింది. తిరగాల్సింది న్యాల్‌కల్ మండలం పల్లెలు. ఒకటో తారీఖుకల్లా స్కూటీ నడపడం రాకపోతే ఆ కొలువు ఇంకొకరికి పోతుంది. ఆమేమో ఎడ్లబండి తోలే ఇంట్లో పుట్టింది. భయమేస్తే బ్రేకు సంగతి మరిచి, “ఓ... ఓ...” అని స్కూటీని బతిమాలేది. అది ఎద్దు కాదు కనుక వినలేదు. తిన్నగా అల్లం చేనులోకి తీసుకుపోయింది. చూసినవాళ్లంతా పడీపడీ నవ్వారు.

“నాతోని కాదు కాకా. సిగ్గయితున్నది,” అంది త్రివేణి.

“పడకుంట ఉండుడు పట్టుదల కాదు బిడ్డా, పడ్డంక మళ్ల ఎక్కుడు. నాకు గూడ రాదు. రేపటి సంది ఇద్దరం నేర్చుకుందాం,” అన్నాడు కాక.

మొదటి రోజు చెరకు తోటలో పడ్డాడు. రెండో రోజు గడ్డివాములో. మూడో రోజు బండి కదలకముందే పడ్డాడు. పడ్డ ప్రతిసారీ లేచి, దుమ్ము దులుపుకుని, పట్టుదలకు ఇంకో కొత్త అర్థం చెప్పేవాడు. ఆ తమాషా చూడటానికి జనం చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చేవారు. త్రివేణి వైపు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ సందట్లో ఆమె ఎనిమిదో రోజుకు బ్రేకు నేర్చుకుంది, పన్నెండో రోజుకు ఒక్కతే సంతకు పోయి వచ్చింది.

ఒకటో తారీఖున న్యాల్‌కల్ పోయి కొలువులో చేరి, వస్తూ వస్తూ కాకకు జిలేబీలు తెచ్చింది. పాపం, కాకకు ఇంకా బండి రాలేదన్నదే ఆమె దిగులు. ఇడిసిపెట్టొద్దని, తానే నేర్పిస్తానని ధైర్యం చెప్పింది.

అనంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఈయనకు నేర్పిస్తవా? ఈయన పోస్ట్‌మాన్, బిడ్డా. ఇరవై రెండేండ్లు మోపెడ్ మీద ఉత్తరాలు పంచిండు, ఒక్కనాడు పడలే. నీకోసం దినాం పడి నడుం పట్టేసుకుండు. నూనె రాయలేక నా చేతులు పోతున్నయి.”

కాక అప్పటికే జిలేబీ పొట్లంలో తల దూర్చేశాడు.

త్రివేణికి ఆయన మీద ప్రేమ పొంగిపోయింది. చెయ్యి పట్టి స్కూటీ దగ్గరికి లాక్కొచ్చి, “దవాఖానకు తీస్కపోత, ఎక్కు కాకా,” అంది. కాక వెనక కూర్చున్నాడు. రోడ్డెక్కగానే పక్కనుంచి లారీ దూసుకుపోయేసరికి, రెండు చేతులతో ఆమె భుజాలు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ పడటం నటించాడు గానీ, ఆ భయం మాత్రం అసలుదే.