ద్వాలి అవ్వది ఏ జిల్లా?

సోమవారం పొద్దున ఏడింటికి జనగామ స్టేషన్లో బండి కోసం నిలబడ్డప్పుడు మాకు తెలిసింది చాలా కొంచెం. అనిత వాళ్ల అమ్మ ద్వాలి అవ్వ మిరప చేలో పడిపోయింది. తుంటి దగ్గర గట్టిగా దెబ్బ తగిలింది. ఆమెను "మీ జిల్లా దవాఖానకు పంపుతున్నరు." అంతే.

అనిత జనగామలో నా టైలరింగ్ షాపులో నాతోపాటు కుడుతుంది. వాళ్లది మహబూబాబాద్ దగ్గర ఒక లంబాడీ తండా. అవ్వ అక్కడే ఉంటుంది. ఏటా మిర్చి పంట చేతికొచ్చే రోజుల్లో తండా ఆడవాళ్లు ముఠా కట్టుకుని కాయ ఏరడానికి ఊళ్లు పట్టుకుని పోతారు. ఈసారి మహదేవపూర్ దాటి, కాళేశ్వరం దగ్గర గోదావరి కూడా దాటి, మహారాష్ట్రలోని సిరొంచ వైపు పోయారు. ఆదివారం సాయంత్రం ముఠా మేస్త్రీ అనితకు ఫోన్ చేసి పైన చెప్పిన రెండు ముక్కలు చెప్పాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా అతని ఫోన్ కలవలేదు. అనిత భర్త లారీ మీద ఎక్కడో నాగపూర్ అవతల ఉన్నాడు. ఆమెను ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక షాపుకు తాళం వేసి నేనూ బయల్దేరాను.

జిల్లా అంటే మహబూబాబాదే కదా అనుకున్నాం. జనరల్ పెట్టెలో కాజీపేట దాకా నిలబడ్డాం, అక్కడ కొందరు దిగితే కూర్చున్నాం. ఎదురు సీట్లో డోర్నకల్‌లో డ్యూటీకి పోతున్న రైల్వే ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. అనిత ముఖం చూసి ఏమైందమ్మా అని అడిగాడు. చెబితే ఇట్లా అన్నాడు:

"మీ జిల్లా అన్నది ఎవరు బిడ్డా? మేస్త్రీ అన్నడా, దవాఖానోళ్లు అన్నరా? ఆవలోళ్లకు మీ జిల్లా అంటే ఏందో తెల్వాలె గద. నేను కొలువుల చేరినప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ గా ఒక్క వరంగల్ జిల్లానే."

మానుకోట అంటే మహబూబాబాదే, మా వైపు వాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఆయన మాట వినేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

తొమ్మిది దాటాక మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో జిల్లా ఆసుపత్రికి పోయాం. ద్వాలి అనే పేరుతో ఎవరూ రాలేదన్నారు. నమ్మలేక వార్డులన్నీ తిరిగి చూసుకున్నాం. అక్కడి నర్సమ్మ ఓపిగ్గా మాతో తిరిగింది. అనిత తండాకు ఫోన్ చేస్తే పంచాయతీ కార్యదర్శి దొరికాడు. అతను చెప్పింది వింటే విషయం తేలలేదు సరికదా ఇంకా చిక్కుపడింది. అవతలి ఆసుపత్రి వాళ్లు అవ్వ ఆధార్ కార్డు చూసి కబురు పంపారట. ఆ కార్డు పాతది. అందులో తండా పక్కనున్న పెద్దూరి పంచాయతీ కిందే ఉంది, జిల్లా వరంగల్ అనే ఉంది. కబురు పెద్దూరికి పోయింది. తండా ఇప్పుడు వేరే పంచాయతీ అని వాళ్లు దాన్ని తన దగ్గరికి పంపేసరికి తెల్లారిందట.

అయితే అవ్వను వరంగల్ తీసుకుపోయి ఉంటారు అన్నాను నేను. నర్సమ్మ వరంగల్ పెద్దాసుపత్రిలో తనకు తెలిసిన వాళ్లకు ఫోన్ చేసింది. అక్కడా లేదు. "గోదారి దిక్కుకెల్లి అయితే ముందుగాల భూపాలపల్లికే తెస్తరు అక్కా, గక్కడ చూడున్రి" అంది చివరికి.

బస్టాండులో నిలబడి రెండేసి ఇడ్లీలు తిన్నామనిపించి, పదిన్నర దాటాక హన్మకొండ బస్సెక్కాం. మా రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు. ఈ దారిన వచ్చే అక్కచెల్లెళ్లు కార్డు మర్చిపోవద్దు. కండక్టర్ అనిత కార్డు తిప్పి చూసి ఇచ్చేశాడు. కార్డు ఇచ్చింది కేంద్రం, టికెట్ మాఫీ చేసింది రాష్ట్రం. రెండూ కలిసి ఒక మనిషిని ఇంత సులువుగా బస్సెక్కిస్తున్నాయే, మరి అవ్వ ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోవడం ఏమిటని దారంతా అదే ఆలోచన.

హన్మకొండలో బస్సు మారి పరకాల మీదుగా వెళ్లాం. చేలల్లో పత్తి ఏరేసిన మోళ్లు నిలబడి ఉన్నాయి. భూపాలపల్లి దగ్గరపడుతుంటే బొగ్గు లారీలు ఎక్కువయ్యాయి, రోడ్డు పక్క చెట్ల ఆకులు నల్లబడ్డాయి. రెండింటికి దిగి అన్నం మాట తలవకుండా నేరుగా ఆసుపత్రికి పోయాం.

ఇక్కడ మొదటిసారి ఒక మనిషి అవ్వ పేరు విని తల ఊపాడు. కుర్ర డాక్టరు. ఆమె ఇంకా అవతలే, సిరొంచ ఆసుపత్రిలోనే ఉందన్నాడు. తుంటి ఎముక విరిగింది, ప్రాణానికి భయం లేదు, కానీ ఆపరేషన్ కావాలి. అక్కడ చెయ్యరు.

"మరి ఎందుకు తేలే సారూ?" అని అడిగింది అనిత.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. అవతలి అంబులెన్స్ బండి రాష్ట్రం దాటాలంటే వాళ్ల పైవాళ్లు ఒప్పుకోవాలి. మా బండి అవతలికి పోవాలంటే మా పైవాళ్లు ఒప్పుకోవాలి. పైవాళ్లు పొద్దుటి నుంచి ఫోన్లలోనే ఉన్నారు, ఎవరూ కాదనలేదు. అయితే పేషెంటును ఇటు పంపాలంటే ఇంటివాళ్ల సంతకం కావాలి, లేకపోతే వాళ్ల జిల్లా ఆసుపత్రికే పంపేస్తారు. అది గడ్చిరోలి, అక్కడినుంచి చాలా దూరం.

"మీరు ముందు పోండి. ఆరింటికల్లా మా అంబులెన్స్ కాళేశ్వరం వంతెన దగ్గరుంటది" అన్నాడు.

ఎవరూ కాదనకపోతే ఇంతసేపు ఎందుకైంది అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన ముఖం చూస్తే ఆయనకూ తెలిసినట్టు లేదు.

సిరొంచ బస్సు అప్పుడే కదులుతోంది. పరుగెత్తి ఎక్కాం. కాటారం దాటాక అడవి, ఆకు రాల్చిన టేకు చెట్ల మధ్య ఎర్రగా మోదుగ పూలు. ఇంకో పనిమీద వచ్చి ఉంటే కళ్లారా చూసేదాన్ని. మహదేవపూర్‌లో ఒక ముసలి రైతు ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నాడు. కాళేశ్వరం రాగానే కండక్టర్ మళ్లీ మా దగ్గరికొచ్చి, సున్నా టికెట్ ఇక్కడిదాకానే, వంతెన ఆవలికి డబ్బులివ్వాలన్నాడు. నేను డబ్బులు తీస్తుంటే ముసలాయన వెనక్కి తిరిగాడు.

"మా బిడ్డనిచ్చింది ఆవలికే. వచ్చేటప్పుడు గక్కడ ఆడోళ్లకు సగం టికెట్, గిక్కడ ఫ్రీ. గీ పూల్ మీదికి వస్తే గిది ఏ లెక్కనో నాకు ఇప్పటికి సమజ్ కాలే" అన్నాడు.

పూల్ అంటే వంతెనే. చాలా పొడవు. కింద గోదావరి అక్కడక్కడ ఇసుక తేలి ఉంది. ఆవలి ఒడ్డుకు రాగానే బోర్డులు మరాఠీలోకి మారాయి. బస్సు దిగి దారి అడిగితే టీ కొట్టాయన మాత్రం తెలుగులోనే చెప్పాడు.

ఆసుపత్రిలో ద్వాలి అవ్వ కాలికి బరువు కట్టించుకుని వెల్లకిలా పడుకుని ఉంది. అనితను చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అనితే "యాడి" అని పిలిచి మంచం పట్టె మీద తల ఆనించింది. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. అవ్వ ఆమె జుట్టు నిమురుతూ ఏదో చెప్పుకుంటూ పోయింది.

పక్కనే నిలబడ్డ నర్సు మహారాష్ట్రలోనే యవత్మాల్ వైపు బంజారా పిల్ల, మనం లంబాడీలు అనేవాళ్లే. ఆ తండాల్లోనూ ఇదే మాట. నిన్న అవ్వను తెచ్చినప్పుడు ఆమె మాట విని, ఈమె మహారాష్ట్ర మనిషే అనుకున్నారట అందరూ. అవ్వ తండా పేరు చెబితే ఆ పేరుతో ఇక్కడా తండాలున్నాయి. కార్డు చూస్తే వరంగల్ అని ఉంది, కబురు అటు పంపారు. ఈ నర్సు వచ్చి అవ్వతో మాట్లాడాకే మనిషి మానుకోట దిక్కుదని తేలింది. అవ్వ నాకేసి తిరిగి తెలుగులో అంది: "మరాఠీల అడిగిన్రు, హిందీల అడిగిన్రు. నాకేమొస్తది? మా మాటల చెప్పిన. గీ పిల్ల మా పుట్టింటి గోత్రమే. నాకు మేనకోడలైతది."

డాక్టరు హిందీలో చెప్పాడు. మనిషి మర్యాదస్తుడు. గడ్చిరోలి పంపాలంటే బండి సిద్ధంగా ఉంది, ఈ క్షణమే బయల్దేరవచ్చు, అక్కడా వైద్యం ఉచితమే, దూరం మాత్రం ఎక్కువ, ఈ నొప్పితో కష్టపడుతుంది. భూపాలపల్లి దగ్గర, కానీ వంతెన దగ్గర ఎంతసేపు ఆగాలో తను చెప్పలేనన్నాడు. ఎటైనా సరే, నిర్ణయం మీదేనన్నాడు.

అనిత వరండాలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. "అక్కా, ఏం జెయ్యమంటవు?" అని అడిగింది. అటు పంపితే ఆమెకు తోడు ఎవరుంటారు, ఆ మాటలు ఎవరికి వస్తాయి? ఇటు తెస్తే వంతెన మీద చీకటి పడితే ఎట్లా? ఆమె పక్కనే కూర్చున్నాను. అనితే లేచి లోపలికి పోయి తల్లిని అడిగింది. అవ్వ ఒక్కమాట అంది.

"ఏమన్నది?" అన్నాను.

"నువ్వు ఎటుంటే అటు అన్నది." అనిత కొంగుతో ముఖం తుడుచుకుని పోయి సంతకం పెట్టింది.

ఆరుకు కాస్త ముందు అవ్వను అంబులెన్స్ ఎక్కించారు. నర్సు, మేమిద్దరం కూడా ఎక్కాం. వంతెన మొదట్లో పోలీసు చెక్‌పోస్టు దగ్గర డ్రైవర్ బండి ఆపేశాడు. సిరొంచ అతనే, తెలుగువాడే. "నాకు పూల్ దాక అన్నరు అక్కా. పూల్ మీద అని అనలే" అన్నాడు. భూపాలపల్లి బండి ఎక్కడుందని ఫోన్ చేస్తే అది ఆవలి చివర నిలబడి ఉంది. ఆ డ్రైవర్‌కూ పూల్ దాకా అనే చెప్పారట. నడుమ కిలోమీటరు పైన వంతెన, దానిమీద వరసగా లారీలు. నర్సు ఎవరెవరికో ఫోన్ చేస్తోంది. ఒకరు ఎత్తలేదు, ఇంకొకరు పై అధికారిని అడుగుతానన్నారు. లోపల అవ్వ కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టింది.

చెక్‌పోస్టులో ఉన్న పోలీసాయన వచ్చి సంగతి విన్నాడు. ఈ వంతెన జాతీయ రహదారి, రెండు రాష్ట్రాలదీ కాదు, సెంటర్ది అన్నాడు.

"అయితే ఢిల్లీకి ఫోన్ చెయ్యాల్నా సార్?" అని అడిగింది అనిత.

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. నంబరిస్తే చేసేదే. పోలీసాయన ఆమెను, బండిలో అవ్వను చూశాడు. ఫోన్ తీసి కాళేశ్వరం వైపు చెక్‌పోస్టులో ఉన్న పోలీసుతో మాట్లాడాడు. రోజూ మాట్లాడుకునే వాళ్లలాగే ఉన్నారు. నాకర్థమైనంతవరకు ఆ మాటల్లో రాష్ట్రం లేదు, కేంద్రం లేదు. ఒక ముసలామె ఉంది, లారీలు ఆపాలి అన్నాడు. రెండు వైపులా లారీలు ఆగాయి. మా బండి ముందుకు కదిలింది. అటునుంచి నీలం లైటు వెలుగుతూ రెండో బండి వచ్చింది. వంతెన నడుమ రెండూ వీపు వీపు ఆనించినట్టు నిలబడ్డాయి.

ఇద్దరు డ్రైవర్లు, రెండు బండ్లలోని సిబ్బంది కలిసి స్ట్రెచర్ మార్చారు. నర్సు సెలైన్ సీసా పైకి పట్టుకుని భూపాలపల్లి బండిలోకి ఎక్కి, కొక్కేనికి తగిలించి దిగింది. అవ్వ ఆమె చెయ్యి వదలలేదు. ఏదో చెబుతోంది. "మానుకోటకు వస్తే ఇంటికి రమ్మంటున్నది" అని అనిత నాతో అంది. నర్సు వస్తానని తల ఊపింది. పొద్దు కుంకింది. ఆగిన లారీల వాళ్లు ఒక్కరూ హారన్ కొట్టలేదు.

భూపాలపల్లిలో ఎక్స్‌రే తీసి, నొప్పికి మందిచ్చారు. అనిత అవ్వ దగ్గరే ఉంది. నేను బస్టాండు దగ్గర చిన్న లాడ్జిలో పడుకున్నాను. ఒంటరి ఆడదాన్నని ప్రశ్నలు అడగకుండా గది ఇచ్చారు, శుభ్రంగానే ఉంది. మంగళవారం పొద్దున్నే అవ్వను ఆపరేషన్ కోసం వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకుపోతే నేనూ వెంట పోయాను. అక్కడ చీటీల కిటికీ దగ్గర కూర్చున్నాయన తలెత్తకుండా ఎక్కడినుంచి వచ్చిండ్రని అడిగాడు. అనిత నోరు తెరిచి ఆగిపోయింది. తండా అనాలా, మహబూబాబాద్ అనాలా, భూపాలపల్లి అనాలా, సిరొంచ అనాలా?

స్ట్రెచర్ మీది నుంచి అవ్వ చెప్పింది. "మిర్చి చేన్లకెల్లి."

ఆయన ఏం రాసుకున్నాడో మాకు కనబడలేదు. మంచం మాత్రం దొరికింది. అదే వారంలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు అవ్వ జనగామలో అనిత ఇంట్లో ఉంటూ వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వస్తోంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే వరంగల్‌లో జనగామ బండి ఎక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన రిటైరైన ఆఫీసు మనిషి. చేతిలో ఆసుపత్రి సంచి చూసి అడిగితే జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "ఇంతకీ అమ్మా, ఆమెను ఇటు తెచ్చింది ఏ గవర్నమెంటు?" అన్నాడు.

బండి రాష్ట్రాలది, వంతెన కేంద్రానిది, కబురు పంచాయతీది, ఫోన్ చేసింది చెక్‌పోస్టు ఆయన అంటూ వేళ్లు మడిచాను. వేళ్లు చాలలేదు. నర్సమ్మలిద్దరూ మిగిలిపోయారు, లారీల వాళ్లు మిగిలిపోయారు. అందరూ కలిసి తెచ్చారండీ అన్నాను. అట్లా ఎట్లైతదమ్మా, ఎవరో ఒకరు ఆర్డర్ ఇచ్చి ఉండాలె గద అన్నాడాయన. ఇచ్చే ఉంటారు. ఎవరో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

జనగామ వచ్చింది. దిగి, షాపు తాళంచెవి చేతిలోకి తీసుకుని నడిచాను.