వెనక్కి నడిచి చూసిన బిల్డింగు

నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఎల్బీనగర్ అవతలున్న మా యూనివర్సిటీలో కొత్త క్లాసుల బిల్డింగు తలపెట్టారు. మా ఆయన పోయాక చీపురు పట్టుకుని చేరినదాన్ని, అప్పటికి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్నయ్యాను. చదువు సంతకం వరకే. నా కింద పద్నాలుగు మంది ఆడవాళ్ళు. పాత బిల్డింగులో లిఫ్టులోకి బకెట్లు రానివ్వరు, పైన నల్లా లేదు; మెట్ల మీద మోసి మోసి అందరి మోకాళ్ళూ అరిగాయి. కొత్తదాంట్లోనన్నా ఆ మోత తప్పించాలని నా పట్టుదల.

బిల్డింగుల బాగోగులు చూసే ఎస్టేట్ ఆఫీసరు సారు నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లోని డిజైన్ ఆఫీసుకు తీసుకెళ్ళారు. ఇంజనీరు స్వాతి మేడం ఆ బిల్డింగును 'బిమ్' అనే పద్ధతిలో కంప్యూటర్లో ముందే కట్టేసింది. అది ఉత్త బొమ్మ కాదు. ప్రతి గోడా, పైపూ కొలతలతో సహా అందులో ఉంటాయి. ఒకటి జరిపితే ఇంకోదానికి తగిలేచోట ఎర్రగా చూపిస్తుంది. కరెంటు తక్కువ, నీళ్ళు తక్కువ పట్టే బిల్డింగు అని, మర్నాడే సంతకాలతో డిజైన్ ఖరారని చెప్పింది.

"నల్లాలు ఏడున్నయ్ మేడం?" అనడిగాను.

"ప్రతి ఫ్లోర్ల ఉన్నయ్ యాదమ్మా, నువ్వే చూడు" అంటూ డబ్బాలాంటి అద్దాలు కళ్ళకు తగిలించింది.

అమ్మో! మూడో అంతస్తులో నిలబడి ఉన్నాను! తళతళలాడే నేల చూసి చెప్పులు విడిచేశాను. అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వాగలేదు.

"ఉత్తగ నడిస్తే నాకేం తెల్వది. జర మాప్ కర్ర ఇయ్యుండ్రి."

ఇచ్చారు. తడిగుడ్డ పెట్టేవాళ్ళం వెనక్కి నడుస్తాం. ముందుకు నడిస్తే మన అడుగులు మనమే తుడుచుకోవాలి. అలా చివరి గోడ నుంచి మెట్ల వైపు వెనక్కి వస్తుంటే కర్ర సారు కాళ్ళకు తగిలింది.

"ఏంటి యాదమ్మా, నన్ను కూడా తుడిచేస్తావా?" అన్నారు సారు. ఆయనది గోదావరి వైపు.

"కాళ్ళు లేపుండ్రి సార్, తడి ఆరలే!"

నిజంగానే కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకున్నారట!

మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయాను. మురికి బకెట్ నా చేతిలో ఉందనుకుంటే, నల్లా గది నేను మొదలుపెట్టిన ఆ చివర, మధ్యలో నేను తుడిచిన తడి నేల. దాన్ని తొక్కైనా పోవాలి, బకెట్ కిందికైనా మొయ్యాలి. ఆ మాటే చెప్పాను.

మేడం నల్లా గదిని మెట్ల పక్కకు జరిపింది. ఏసీ గాలి గొట్టానికి తగిలి ఎర్రగా వెలిగింది.

"వదిలేయండమ్మా, రేపు సంతకాలు" అన్నారు సారు.

"ఒక్క బకెట్ మీరు మూడంతస్తులు మొయ్యుండ్రి సార్, అటెంక సంతకం పెడుదురు."

ఆ మెట్ల దగ్గరే చేతులు కడుక్కునే చోటుంది; దాని వెనక పెట్టమన్నాను. మేడం జరిపింది. ఎరుపు పోయింది! పైపు పొడవూ తగ్గింది, చేతులు కడిగిన నీళ్ళు తుడవడానికి పట్టుకునే వీలూ కుదిరింది. మేడం ఎగిరి నా చేతిమీద చరిచి, అద్దాలు తగిలించుకుని, మూడో అంతస్తంతా తనే వెనక్కి తుడిచింది. ఈసారి సారు చెప్పకముందే కాళ్ళు లేపారు.

ఇప్పుడా బిల్డింగులో బకెట్ మెట్లెక్కదు. నాకు తెలిసిందింతే: గీసేవాళ్ళు ముందుకు నడుస్తారు, తుడిచేవాళ్ళు వెనక్కి. రెండు నడకలూ అయ్యాకే సంతకం పెట్టాలి.