వందకు ఒకటి

జూస్ ఫ్యాక్టరీ పేరెత్తితే దేవరాజులుకు ఒళ్లు మండుతుంది. మండాల్సిందే. అది మనుషులను పిండుకున్న ఫ్యాక్టరీ. కాకపోతే ఆ మంటలో సగం ఆయన చేతులారా పెట్టుకున్నది.

చిత్తూరు పక్కన ఆ ఫ్యాక్టరీని తొంభై రెండులో రైతుల డబ్బుతోనే కట్టారు. ఊరూరా జీపులేసుకుని తిరిగారు. షేర్లు కొన్నవాళ్లకు సీజన్‌లో గేటు టోకెన్ ఇస్తామన్నారు. టోకెన్ ఉంటే మామిడికాయల ట్రాక్టర్ క్యూలో నిలబడక్కర్లేదు, నేరుగా లోపలికే. ఆ మాటకు పడని తోటగలవాడు లేడు. కోసిన తోతాపురి జూన్ ఎండలో ట్రాలీలో రెండు రోజులుంటే నీళ్లు కారిపోతుంది మరి. దేవరాజులు నాయన తిరుమలయ్య పాడి ఆవును అమ్మి వంద షేర్లు కొన్నాడు. బతికినన్నాళ్లూ ఆయన ట్రాక్టర్ దర్జాగా లోపలికి పోయింది.

ఆయన పోయాక దేవరాజులూ తమ్ముడు చెంగల్రాయుడూ భాగాలు పంచుకున్నారు. ఏం పంపకాలో! బావి నీళ్లు పూటకొకరికి, కొబ్బరికాయలు నెలకొకరికి, రోలు ఒకరికైతే రోకలి ఇంకొకరికి. షేర్లు ఒకరు ఉంచుకుని ఇంకొకరు ఎద్దులబండి తీసుకోండని పెద్దమనుషులు బతిమాలారు.

"మా నాయన సొత్తులో వానికెంతో నాకూ అంతే. సగానికి సగం కొయ్యండి" అని దేవరాజులు భీష్మించుకుని కూర్చున్నాడు.

అట్లే యాభై, యాభై చేశారు. షేర్లున్న ప్రతివాడికీ టోకెన్ ఇచ్చేవాళ్లు కాబట్టి ఇద్దరికీ చెరొకటి వచ్చింది. తన పంతం నెగ్గిందని దేవరాజులు మీసం దువ్వుకున్నాడు.

రెండు వేల రెండులో కంపెనీ చిత్తూరులో కల్యాణమండపం తీసుకుని మీటింగ్ పెట్టింది. ఇస్త్రీ చొక్కా నలగని సెక్రటరీ ఒకడు మైకు పట్టుకున్నాడు. షేరు ధర పాతాళానికి పోయిందట, బ్యాంకులు మొహం చూడటం లేదట. అందుకని పాత షేర్లు వంద కలిపి కొత్త షేరు ఒకటి చేస్తారట. రూపాయి నోట్లు వంద ఇచ్చి ఒక వంద నోటు తీసుకున్నట్టేనట, ఎవరికీ పైసా నష్టం లేదట.

దేవరాజులు లేచాడు. "నా కాడ యాభై ఉండాయి. నాకు అర షేరు ఇస్తారా?"

"అర షేరు ఉండదండీ. వందలోపు వాళ్లకు కంపెనీ డబ్బు కట్టిచ్చేస్తుంది."

"నీ దుడ్డు ఎవురికి కావల్లప్పా? గేటు టోకెను ఇస్తావా, ఇయ్యవా?"

"టోకెన్ షేర్లున్నవాళ్లకే కదండీ."

"అంటే మా దుడ్డుతో గోడ కట్టుకోని, మమ్మల్నే గోడ అవతలకి తోస్తారా!"

మండపం గోలగోలైంది. అయితే ఏం? ఓటు మనిషికొకటి కాదు, షేరుకొకటి. డైరెక్టర్ల ఇళ్లలో వేలకు వేలు ఉన్నాయి, తీర్మానం నెగ్గింది. వేలున్నవాడికి ఇది చిల్లర మార్చుకోవడం. యాభై ఉన్నవాడికి మెడపట్టి గెంటడం. ఆ సంగతి ఆ సెక్రటరీకి తెలియదా? తెలిసే చేశారు, దొంగనాయాళ్లు.

బయటికొస్తుంటే ఆ సెక్రటరీయే దారి చెప్పాడు. నెల గడువుంది, అన్నదమ్ములు షేర్లు కలుపుకుంటే ఇద్దరి పేర్లూ రాస్తాం, టోకెన్ మాత్రం ముందు పేరున్నవాళ్లకే అన్నాడు.

"ఇప్పుడన్నా పంతం ఇడిసిపెట్టి మరిది కాడికి పో" అని భార్య మునెమ్మ పోరింది. దేవరాజులు పోయాడు. మంచం మీదున్న చెంగల్రాయుడు కూర్చోమని కూడా అనలేదు.

"షేర్లు కలుపుదాం రా. ముందు నా పేరు, ఎనక నీ పేరు."

"ఏం, ముందు నా పేరుంటే కాయ చేదైతాదా?"

"పెద్దోన్ని నేను."

"సగానికి సగం కొయ్యమన్న పొద్దు పెద్దోనివని గుర్తు రాలేదా? ఆ పొద్దు ఇద్దరమూ సమానమంటివే!"

తమ్ముడన్నది నిజం. అందుకే దేవరాజులుకు అది తగలరాని చోట తగిలింది. "నా టోకెను మీద నీ కాయా లోపలికి పోతాది గదరా" అని అరిచాడు.

"నీ ఎనక నిలబడి పొయ్యేదానికంటే నా కాయ రోడ్డు మీద కుళ్లేదే మేలు."

"అట్లయితే కుళ్లనీ!"

నెల గడిచిపోయింది. ఇద్దరి ఇళ్లకూ ఒకే రోజు చెక్కులొచ్చాయి.

జూన్ వచ్చింది. ఫ్యాక్టరీ ముందు మైలు పొడవు క్యూ. ముందు దేవరాజులు ట్రాక్టర్, దాని వెనకే చెంగల్రాయుడిది. పక్కనుంచి టోకెన్ లారీలు దుమ్ము లేపుకుంటూ లోపలికి పోతున్నాయి. మూడో రోజుకు రెండు ట్రాలీల కిందా రసం మడుగు కట్టింది. అన్నదమ్ములు మొహాలు చూసుకోలేదు. అప్పుడు వాచ్‌మన్ వచ్చి, ముందు ఎవరిదని అడిగాడు.

"మా అన్నదే ముందు. పెద్దోడు గదా!" అన్నాడు చెంగల్రాయుడు, అందరికీ వినబడేటట్టు.

సూపర్‌వైజర్ దేవరాజులు ట్రాలీలో చెయ్యి పెట్టి, వేళ్లు విదిలించి, "ఎత్తుకపో" అన్నాడు. వెనక ట్రాలీలోనూ చెయ్యి పెట్టాడు. అదే మాట అన్నాడు.

రెండు ట్రాక్టర్లూ తిరిగి, రోడ్డు పక్కన ఒకే గుంతలో కాయను దిమ్మరించాయి. అందులో అన్నది ఏదో తమ్ముడిది ఏదో తెలియలేదు. సగానికి సగం పంచమని దేవరాజులు కూడా అడగలేదు.