సున్నా దగ్గర ఎర్రచుక్క

లెక్కల మాస్టారిని కాలేజీలో పిల్లలు చాటుగా ‘లోయలాయన’ అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేసేది ఒకటే: బోర్డు మీద వంకరగీత గీసి, ఎక్కడ గుట్టో ఎక్కడ లోయో తేల్చడం. పుస్తకం భాషలో స్థానిక గరిష్ఠం, స్థానిక కనిష్ఠం.

ఈ ఏడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చి, ఆఖరి సంవత్సరం పాఠం ఇక కంప్యూటర్ మీదేనన్నారు. చేసి చూపిస్తే క్లాసు మాస్టారిది, లేదంటే కొత్తగా చేరిన లెక్చరమ్మది.

గతిలేక మాస్టారు కోడలి దగ్గర కూర్చున్నారు. కంప్యూటర్ ఉద్యోగం ఆ పిల్లది.

“మామయ్యా, ఈ లైను అవకలజం, అదే గీత వాలు, ఎక్కడ సున్నా అవుతుందో చెబుతుంది. ఇది గ్రాఫు గీస్తుంది. సున్నా అయిన చోట చుక్క పెట్టే ముందు అది గుట్టో లోయో పరీక్షించే లైను ఇంకోటి ఉండాలి, చెప్పనా?”

“లెక్కలు నాకే నేర్పుతావుటమ్మా? ఏ మీట నొక్కాలో చెప్పు, చాలు.”

ఇంట్లో చేసిన లెక్కలో మొదటి జవాబు గుట్ట, రెండోది లోయ. దాంతో ఆయన, కోడలు ఇచ్చిన ప్రోగ్రాం ప్రింటు కాగితం అడుగున తన పెన్నుతో రెండు లైన్లు చేర్చుకున్నారు. మొదటి జవాబుకి ఎర్రచుక్క, గరిష్ఠం. రెండోదానికి నీలిచుక్క, కనిష్ఠం. అంతే, పరీక్షా లేదు, పాడూ లేదు.

చేసి చూపించే రోజు మాస్టారు కాగితంలో ఉన్నదంతా కంప్యూటర్లో టైపు చేసుకున్నారు. ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చున్నారు. “ఆ లెక్క వద్దు మాస్టారూ, ఇది చెయ్యండి. ఎక్స్ నాలుగో ఘాతంలోంచి నాలుగు ఎక్స్ ఘనం తీసెయ్యండి.”

మీట నొక్కగానే జవాబులు వచ్చాయి: సున్నా, మూడు. మూడు దగ్గర లోయ, నీలిచుక్క. బాగానే ఉంది. సున్నా దగ్గర మాత్రం గీత పైనుంచి దిగుతూ, కాస్త చదునై, మళ్లీ కిందికే జారింది. ఆ చదును మీద ఎర్రచుక్క, పక్కన పెద్ద అక్షరాలతో ‘గరిష్ఠం’.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. “సార్, ఎడంపక్క ఇంకా ఎత్తుగా ఉంది కదా సార్, ఇది గుట్ట ఎలా అయింది?”

“మెట్టు మీద నిలబడి మేడెక్కాననుకుంటే అంతే మరి!” అన్నారెవరో వెనక నుంచి. క్లాసంతా గొల్లుమంది.

అవకలజం సున్నా అయినంత మాత్రాన గుట్టో లోయో దొరికిందని సంబరపడొద్దని ఇన్నేళ్లూ పిల్లల్ని తిట్టిపోసింది ఈయనే. సుద్దముక్క కోసం చెయ్యి చాచారు. ఆ కంప్యూటర్ గదిలో బోర్డే లేదు.

“పర్లేదు మాస్టారూ, కూర్చోండి” అన్నారు ప్రిన్సిపాల్, మర్యాదగానే. సాయంత్రానికి కొత్త టైంటేబుల్ అంటించారు. క్లాసు లెక్చరమ్మది.

ఇంట్లో కోడలు ఎదురొచ్చింది. “ఎలా జరిగింది మామయ్యా?”

“నువ్విచ్చిన ప్రోగ్రాంలోనే తప్పుంది. నలుగురిలో నా పరువు తీశావు.”

“నేనంటూనే ఉన్నా, పెద్దాయన పనిలో నీకెందుకమ్మా అని” అంటూ మాస్టారి భార్య వంటింట్లోంచి అందుకుంది.

కోడలు ఆయన చేతిలోని ప్రోగ్రాం కాగితం తీసుకుని, విప్పి అడుగుదాకా చదివింది. పెన్నుతో రాసిన ఆ రెండు లైన్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టేసింది.

“పొరపాటు నాదే మామయ్యా. సరిగా చూసుకోలేదు.”

కాదమ్మా అనబోయారు మాస్టారు. ఈలోగా భార్య మంచినీళ్ల గ్లాసు అందించింది. తీసుకుని, గటగటా తాగేశారు.