కొల్లప్ప ఓర్వలేని రెండెకరాలు

రాయచెర్లు ఊరి కొల్లప్పకు ఓర్వలేనితనం పొద్దుటి కాఫీ లాంటిది. అది కడుపులో పడందే ఆయనకు తెల్లవారదు.

పక్కింటి మేక రెండు పిల్లల్ని ఈనితే రెండు పూటలు ముద్ద దిగదు. సాయంత్రం ఎదురింటి నీడ తన వాకిట్లోకి మెల్లగా పాకివస్తే, "చూడప్పా, ఎండ గూడా వాళ్ల పక్కమే!" అంటాడు.

అలాంటి మనిషికి ఆ ఊరి పిల్ల నయన చేసిన వెబ్ అప్లికేషన్ పండగై కూర్చుంది. సర్వే నంబరు కొడితే చాలు, పొలం ఎవరిదో, ఎన్ని ఎకరాలో తెర మీద కనిపిస్తుంది. పంచాయతీ వాళ్లు అడిగితే, పొలాల హక్కు కాగితాలైన పహణీలు చూసి ఆ పిల్లే తయారుచేసింది. సోమవారం సోలార్ కంపెనీ వాళ్లు పొలాల కొత్త లీజుల కోసం అందులోని జాబితానే తీసుకుపోతారు. అందులో పేరున్నవాళ్లే సంతకం చేయాలి.

రోజూ నయన పంచాయతీ గది తలుపు తీయకముందే కొల్లప్ప హాజరు. ఎకరాలు చూడడు, ఎవరికెన్ని వరసలో లెక్కపెడతాడు.

"పక్కింటి కృష్ణప్పకు మూడు వరసలు, నాకొకటేనా?"

"ఆయనకు మూడు పొలాలుండాయి తాతా."

"నా ఒక్కదాన్నే మూడుసార్లు రాయి. నేనేమన్నా వద్దంటినా?"

శనివారం బోరమ్మ వచ్చింది. కొల్లప్పకు మరదలు, చనిపోయిన తమ్ముడి భార్య. డెబ్బై నాలుగో నంబరు చూడమంది. అన్నదమ్ములు నడుమ రాయి పాతుకుని చెరి రెండెకరాలు దున్నుకున్న చేను అది. తెర మీద మాత్రం నాలుగెకరాలూ కొల్లప్పవే.

"మా బావ పేరొక్కటే ఉండాదా?" అంది బోరమ్మ. "సరేలేమ్మా," అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

నయన ఆ నంబరే మళ్లీ కొట్టి చూసింది. మేకపిల్లల్నే ఓర్వలేని మనిషి, చేతికొచ్చిన రెండెకరాలు వదులుతాడా?

కాసేపటికే కొల్లప్ప వచ్చాడు. తెర చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఎవురు చేసినారిది?"

"నాలుగెకరాలూ నీవే అంటాండాది తాతా."

"నావెట్లయితాయి? ముప్పై ఏండ్లుగా ఆ రెండెకరాలు చూసి కుళ్లుతాండా! నా చేన్లో శెనక్కాయ మాడిపోతే గట్టవతల పచ్చగుండె. అదీ నాదే అయితే, ఇన్నేండ్లు నేను ఎవుర్ని చూసి ఏడ్చినట్ల?"

జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, పహణీ బల్ల మీద పరిచాడు. రెండు పేర్లు. చెరి రెండెకరాలు. రెండో పేరు బోరమ్మది.

నయన నాలుక కరుచుకుంది. తాను ఒక్కో నంబరుకు ఒక్క యజమానికే చోటు పెట్టింది. తెర మొదటి పేరు పట్టుకుని రెండోది వదిలేసింది.

"ఈ ఊరి పిల్లవేనా నువ్వు? ఒకే నంబర్లో అన్నదమ్ములుండరా?"

ఆమె యజమానుల పట్టికను వేరుచేసి, ఒక పొలానికి ఎందరినైనా కలిపేలా మార్చింది. బోరమ్మ పేరు వచ్చింది. అప్పుడు పహణీ మీద తేదీ చూసింది.

"బోరమ్మవ్వ పేరు పోయినేడే ఎక్కిందే! ఎవురు ఎక్కించినారు?"

కొల్లప్ప కిటికీలోంచి నీలంగా పరుచుకున్న సోలార్ పలకల వైపు చూశాడు.

"పావగడ తాలూకాఫీసుకు నేనే పదకొండుసార్లు తిరిగినా. కృష్ణప్ప మీద అర్జీ ఇచ్చేకి పోతాండానని ఊర్లో చెప్పినా."

"ఆయమ్మకు చెప్పలేదా?"

"చెప్తే నవ్వుతాది. ఆ సంతోషం నేను చూడల్లనా? నువ్వే పిలిచి చూపించు, నా మాట ఎత్తొద్దు."

అన్నాడు గానీ, బోరమ్మ వచ్చేదాకా ఆ గది గడప దాటలేదు.