మా మిరప చేలో రక్తం తాగేవాడు

సోమవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు రావలసిన ఆటో ఏడు గంటల ఐదు నిమిషాలకు వచ్చింది. అందులో డ్రైవరు తప్ప ఎవరూ లేరు. ప్రత్తిపాడు దాపున ఉన్న మా ఎకరన్నర మిరప చేలో కాయ పూర్తిగా పండి ఉంది. శుక్రవారం వాన పడుతుందని వాతావరణ శాఖ చెప్పింది. చెట్టు మీద పండిన కాయ తడిస్తే మచ్చలు పడి, తెల్లబారి, ధర పలకని తాలుగా మారుతుంది. కోతకు మిగిలినవి నాలుగు పగళ్ళు, కావలసిన మనుషులు ఇరవై ఎనిమిది మంది, వచ్చినవారు సున్న.

"ఏరయ్యా?" అన్నాను.

"రారంటండీ మాస్టారూ. మీ చేలో రక్తం తాగేవాడు ఉన్నాడంట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటన్నారండి."

అందరూ అనేది సంఖ్య కాదు. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి గనుక ఆ మాట పుట్టిన చోటు కనుక్కుందామని బయలుదేరాను. డ్రైవరుకు చెప్పినది టీ కొట్టు ఆవిడ. ఆమెకు చెప్పినవారు ఇద్దరు కూలీలు. వారిలో ఒకామె కోరలున్నాయని చెప్పింది, రెండవ ఆమె కోరలతో పాటు గొడుగు కూడా ఉందని చెప్పింది. ఇద్దరూ ఆ మాట విన్నది మాత్రం తమ ముఠా పెద్ద నోట. మంగళవారం మధ్యాహ్నానికి ఇదంతా తేదీ, సమయంతో సహా పుస్తకంలో ఎక్కించాను.

"ఏవండీ, వెతకాల్సింది దయ్యాన్ని కాదు, కూలీలను" అంది మా ఆవిడ.

ఆమె మాట పెడచెవిన పెట్టి సాయంత్రం వరకు ఫోనులో రక్తపిశాచాల పుట్టుక గురించి చదివాను. పూర్వం యూరపు పల్లెల్లో వరుసగా మనుషులు చనిపోతే, మొదట పోయినవాడి గోరీ తవ్వి చూసేవారట. శవం ఉబ్బి, నోటి చివర ఎర్రటి ద్రవం కనబడితే, వీడే లేచి వచ్చి రక్తం తాగుతున్నాడని తీర్మానించేవారట. కుళ్ళే శరీరం ఉబ్బడం, నోట నెత్తురు వంటిది కారడం సహజమని వారికి తెలియదు. చూసినది నిజం, కట్టిన లెక్క తప్పు. బడిలో ఇటువంటి జవాబులకు నేను సగం మార్కులు వేసేవాణ్ణి.

బుధవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ముఠా పెద్ద ఇంటికి వెళ్ళాను. ఆమెకు యాభై దాటాయి. చర్చిలో ప్రతి పాటా ఆమె ఎత్తుకున్నాకే మిగిలినవారు అందుకుంటారు. అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన ముగ్గురు నలుగురు కూలీలు ఉన్నారు. పై వరుసలోని రెండు పెట్టుడు పళ్ళను నాలుకతో సర్దుకుని, నిలబడే నా వాదన వినిపించాను.

"ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తే పారిపోయే జాతి అది. అటువంటిది ఎకరన్నర మిరప చేలో కాపురం ఎలా చేస్తుంది? ఇక రెండోది. అది నెలకు ఒకరి రక్తం తాగి, తాగించుకున్నవారు కూడా పిశాచాలై నెలకు ఒకరిని తాగితే, సంఖ్య నెలనెలా రెట్టింపు అవుతుంది. ముప్పై మూడు నెలల్లో భూమ్మీద మనిషే మిగలడు. మనం మిగిలి ఉన్నాం. కాబట్టి అది లేదు."

ఆమె చేట కింద పెట్టింది.

"ముప్పై మూడు నెలలు దేనికండీ మాస్టారూ? మీ చేలో మూడు రోజులు చాలు."

అరుగంతా నవ్వింది. నాకు అర్థం కాలేదు.

"నీళ్ళు తాగడానికి ఎవరు ఎప్పుడు లేచారో, ఎన్ని నిమిషాలకు వచ్చారో పుస్తకంలో రాసింది ఎవరండీ? నడుం ఎత్తితే గడియారం చూసింది ఎవరండీ? పోయిన కోతప్పుడు ఇంటికొచ్చి, ఆ మాస్టారు రక్తం తాగేస్తన్నాడే అన్నాను. ఒక్కసారే అన్నానండి. నాలుగు వీధులు తిరిగేసరికి దానికి కోరలొచ్చినయ్."

"గొడుగు మాత్రం మీదేనండోయ్" అంది వెనుక నుంచి ఒకామె.

రక్తం తాగేస్తున్నారనే మాటను మా ఆవిడ నాతో వారానికి రెండుసార్లయినా అంటుంది. అయినా రెండు రోజుల విచారణలో ఒక్కసారి కూడా స్ఫురించలేదు. గోరీలు తవ్వడానికి చాలా ముందే, ఏదో ఒక చేలో, ఎవరో నడుం నొప్పితో యజమానిని ఇలా అని ఉంటారని ఇప్పుడు అనుకుంటున్నాను. దీనికి ఆధారం లేదు. ఆధారం లేకుండా నేను రాస్తున్న వాక్యం ఇదొక్కటే.

"రేపు కోయకపోతే పంట పోతుందమ్మా" అన్నాను.

"వస్తామండి. పుస్తకం, గడియారం ఇంట్లో పెట్టాలి. మీరు గట్టు దిగకూడదు. నాలుగింటికల్లా మేం ఆటో ఎక్కాలి."

"ఒప్పుకున్నాను. మరి ఆ వదంతి అబద్ధమని అందరికీ చెబుతారు కదా?"

"దేవుడి బిడ్డలం, దయ్యాలకు మేం భయపడమండి. కానీ వాణ్ణి ఉండనీండి. మేమడిగితే ఆరింటిదాకా ఉంచుతారు, వాడి పేరు చెబితే నాలుగింటికే పంపుతారు."

గురువారం కోత జరిగింది. ఎంతమంది వచ్చారో, ఎప్పుడు మొదలుపెట్టారో నేను చెప్పలేను. సాయంత్రం వెళ్ళి చూస్తే చెట్ల మీద ఎర్రటి కాయ లేదు. కల్లంలో రాశి మీద పట్టాలు కప్పి ఉన్నాయి. శుక్రవారం వాన కురిసింది.

శనివారం కాలవ అవతలి పత్తి రైతు పరుగున వచ్చాడు.

"మాస్టారూ, మీ చేలోవాడు కాలవ దాటి మా చేలోకి వచ్చాడంట! నాలుగింటికే పోతామంటన్నారు ఆడాళ్ళు. చదువుకున్నోళ్ళు, మీరొచ్చి అబద్ధమని చెప్పండి."

"వాళ్ళు మంచినీళ్ళకు లేస్తే నువ్వేమంటావు?"

"ఏమంటానండీ, నెత్తి మీద నిలబడి కేకలేస్తా."

"అయితే ఉన్నాడయ్యా. నేను చూశాను."

అతడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నిజంగా కోరలున్నయ్యాండీ?"

"పై వరుసలో రెండు. పెట్టుడువి" అన్నాను.